బొంతకు మార్కులు ఎలా పడతాయి?

పత్రికల్లో సంకీర్ణ ప్రభుత్వాన్ని తప్పుపట్టవలసి వచ్చినప్పుడల్లా "అతుకుల బొంత" అంటారు. ఆ మాట కనబడగానే నా మనసు చివుక్కుమంటుంది. నాలుగైదు పాత గుడ్డలను పొరలుగా పరిచి, జారకుండా, ముడత పడకుండా, వేల కుట్లతో ఒక్క గుడ్డగా చేయడానికి ఎన్ని మధ్యాహ్నాలు పడతాయో చూసినవాళ్ళు దాన్ని తిట్టుగా వాడలేరు. చీపురుపల్లి దగ్గర మా అత్తవారి ఇంట్లో నేను అది చూశాను. మావయ్యగారు పోయాక ఆయన పొందూరు పంచెలు ట్రంకు పెట్టెలో మిగిలాయి. వాలుగ చేప దవడతో ఏకిన పత్తి, చేత్తో వడికిన నూలు, ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి వెన్నలా అయిన గుడ్డ. ఎవరికీ ఇవ్వబుద్ధి కాక అత్తమ్మ వాటితో బొంత కుట్టారు. ఎర్ర దారంతో, ఏడు నెలలు.

ఆ బొంతను నేను ఒక హస్తకళల పోటీకి పంపాను. పంపేముందు ఇంకా అందంగా కనబడాలని మెరిసే శాటిన్ గుడ్డ కొని నాలుగు వైపులా అంచుపట్టీ వేశాను. బహుమతి రాలేదు. ఒక కాగితం మాత్రం వచ్చింది. కుట్టు ఓపికగా, ఒకే తీరుగా ఉందని మొదటి వాక్యం. అంచుపట్టీ నిండుగా లేదు, మూలలు గుండ్రబడ్డాయని రెండోది. వేలాడదీస్తే కింది అంచు అలలుగా లేస్తోందని మూడోది. రెండు రోజులు కోపంతో ఉన్నాను. మూడో రోజు టేపు తీసి కొలిచాను. పై అంచు 58 అంగుళాలు, కింది అంచు 60. ఆ న్యాయనిర్ణేత రాసింది నిజం.

అప్పటినుంచి ఈ పోటీల పద్ధతి తెలుసుకునే పనిలో పడ్డాను. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో చేయి తిరిగిన ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ మనవరాళ్ళు ఫోన్లో విదేశీ క్విల్ట్ ప్రదర్శనలు చూసి "మామ్మ కుట్టింది పంపుదామా" అని అడుగుతున్నారు. పంపవచ్చు. కానీ పోటీ బల్ల మీద బొంత ఒంటరిగా ఉంటుంది. అవి ఎవరి పంచెలో, ఎన్ని నెలలు పట్టిందో అక్కడ ఎవరూ చెప్పరు. చూపుకు కనబడేదీ చేతికి తగిలేదీ మాత్రమే లెక్క. ఆ లెక్క నేర్చుకోదగినదే, నేర్చుకుంటే మన పని బాగుపడుతుంది కూడా. దానికోసం బొంతను మరొక వస్తువుగా మార్చనక్కరలేదు. శాటిన్ పట్టీ వేసి నేను చేసిన తప్పు అదే.

ముందుగా ఒక చిక్కు విప్పాలి. వాళ్ళు క్విల్ట్ అనేదీ మనం బొంత అనేదీ ఒకటేనా? చాలా పోటీల నిబంధనల్లో క్విల్టుకు నిర్వచనం ఉంటుంది. పైపొర, నడుమ దూది లాంటి పొర, అడుగు పొర, ఈ మూడింటినీ కలిపి పట్టుకునే కుట్టు. కొన్నిచోట్ల రెండు పొరలున్నా చాలంటారు. మన బొంతలో విడిగా దూది ఉండదు, నడుమ పరిచిన చీరలు, పంచెలు ఆ పని చేస్తాయి. కాబట్టి నిర్వచనం దాటిపోలేదు. ఇలాంటి బంధువులు దేశమంతా ఉన్నారు. బెంగాల్ కాంథా, బీహార్ సుజనీ, మహారాష్ట్ర గోధడీ, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు కుట్టే కవంది. కాంథా మనకు కొత్త మాట కాదు, కంథ అంటే తెలుగు నిఘంటువుల్లోనూ బొంతే. కాంథా మీద బొమ్మలు కుట్టే నక్షీ కాంథా పనికే 2023లో బెంగాల్‌కు చెందిన ప్రీతికణా గోస్వామికి పద్మశ్రీ ఇచ్చారు. దరఖాస్తులో "దుప్పటి" అనో "పాత గుడ్డల పని" అనో తక్కువ చేసి రాయకండి. బొంత అనే రాసి, పొరలు ఎన్నో, ఏ గుడ్డో, ఏ కుట్టో ఒక వాక్యంలో చెప్పండి. అనుమానం ఉంటే నిర్వాహకులకు ముందే ఉత్తరం రాయడం మేలు.

రెండో చిక్కు గుమ్మాల గురించి. కొన్ని ప్రదర్శనలకు రెండు గుమ్మాలుంటాయి. మొదటి గుమ్మంలో ఫోటోలు చూసి ఏవి ప్రదర్శనకు రావాలో ఎంచుతారు. అక్కడ గెలిచినవే పెట్టెలో ప్రయాణం చేస్తాయి. రెండో గుమ్మంలో అసలు బొంతను కళ్ళతో చూసి తీర్పు చెబుతారు. అమెరికాలో కెంటకీ రాష్ట్రపు పడూకా పట్టణంలో 1985 నుంచి జరుగుతున్న ప్రదర్శన, టెక్సస్‌లోని హ్యూస్టన్ ప్రదర్శన ఈ కోవలోవి. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో 2003లో మొదలైన ఫెస్టివల్ ఆఫ్ క్విల్ట్స్‌లో చాలా విభాగాలకు మొదటి గుమ్మం లేదు. ఎవరైనా పంపవచ్చు, వచ్చినదాన్ని వేలాడదీసి చూస్తారు. మొదటిసారి పంపేవాళ్ళు ఈ తేడా తెలుసుకోకపోతే, ఫోటో బాగాలేక తిరస్కరించినా తమ కుట్టునే కాదన్నారని బాధపడతారు. ఫోటోల గుమ్మంలో ఓడినవాళ్ళ బొంతను ఇంకా ఎవరూ చూడనే లేదని గుర్తుంచుకోవాలి.

మూడోది, పోటీ అంటే పందెమా పరీక్షా అన్నది. మనకు తెలిసిన సంక్రాంతి ముగ్గుల పోటీ పందెం. ఆ వీధిలో ఆ రోజు పడిన ముగ్గుల్లో మొదటిది, రెండోది, మూడోది. అన్నీ గొప్పగా ఉన్నా మూడింటికే బహుమతి, అన్నీ అంతంతమాత్రంగా ఉన్నా ఒకటి మొదటిదవుతుంది. పదో తరగతి పరీక్ష అలా కాదు, అందరూ మొదటి శ్రేణిలో రావచ్చు. అమెరికా గ్రామీణ ప్రదర్శనల్లో, ముఖ్యంగా పిల్లల విభాగాల్లో, ఈ రెండో పద్ధతి ఉంది. డేనిష్ పద్ధతి అంటారు. ప్రతి వస్తువునూ పక్కదానితో కాకుండా ఒక ప్రమాణంతో పోల్చి నీలం, ఎరుపు, తెలుపు రిబ్బన్లు ఇస్తారు. పెద్ద క్విల్ట్ ప్రదర్శనలు ఎక్కువగా పందేలే. పందెంలో ఓడిన బొంత మంచి బొంత కాదని అర్థం లేదు, ఆ ఏడాది ఆ విభాగంలో దాని పక్కన ఏం వేలాడిందో కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

తీర్పు గదిలో జరిగేది దాదాపు ఇలా ఉంటుంది. తయారుచేసినవారి పేరు కనబడకుండా వెనకవైపు చీటీని కప్పేస్తారు, నంబరు ఒక్కటే ఉంటుంది. చేతులకు తెల్ల తొడుగులు వేసుకున్న సహాయకులు బొంతను పట్టుకుని నిలబెడతారు లేదా బల్ల మీద పరుస్తారు. న్యాయనిర్ణేత మాట్లాడుతుంటే పక్కన ఒకరు రాసుకుంటారు. నాకు వచ్చిన కాగితం అలా పుట్టినదే. ఒక్కోదానికి దక్కేది కొద్ది నిమిషాలు. మార్కుల పద్ధతి ఉన్నచోట రూపకల్పనకు కొన్ని, పనితనానికి కొన్ని వేసి కూడుతారు. ఏది ఎంతన్నది ఒక్కో ప్రదర్శనకు ఒక్కోలా ఉంటుంది. తొలగింపు పద్ధతి ఉన్నచోట విభాగంలోని బొంతలన్నీ ఒక్కొక్కటిగా చూసి, ఇది ఉండనివ్వండి, దీన్ని పంపించండి అంటారు. మిగిలినవాటిని మళ్ళీ పక్కపక్కన పెట్టి చూస్తారు. దూరం నుంచి చూపును ఆపేది రంగూ రూపమూ. చివరి నాలుగైదు మిగిలాక తేల్చేది మాత్రం దగ్గరగా చూసిన పనితనం.

ఆ పనితనం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాలి. మన బొంతలు అక్కడే గెలుస్తాయి, అక్కడే ఓడతాయి.

బొంత చదునుగా ఎందుకు పరుచుకోదు? కుట్టు వేసిన ప్రతిచోటా దారం గుడ్డను కాస్త లోపలికి లాగుతుంది. వరసలు దగ్గరగా ఉన్నచోట ఆ లాగుడు ఎక్కువ, దూరంగా ఉన్నచోట తక్కువ. నడుమ ఒత్తుగా కుట్టి అంచుల్లో పలుచగా వదిలేస్తే నడుము కుంచించుకుపోయి అంచు విచ్చుకుని అలలు లేస్తుంది. అంచుల్లో ఒత్తుగా, నడుమ పలుచగా కుడితే నడుమ బుడగలా ఉబ్బుతుంది. మా బొంతలో పైభాగంలో వరసకూ వరసకూ ఎడం అర అంగుళం. కిందికి వచ్చేసరికి అంగుళం దాటింది. అత్తమ్మ ఆ నెలల్లో కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నారు, తర్వాతి వరసలు దూరం జరిగాయి. పై అంచు 58 అంగుళాలు, కింది అంచు 60 కావడానికి కారణం అది. బొంత తన ఏడు నెలల కథను తానే చెబుతోంది. ఆ గదిలో దాన్ని చదవడానికి ఎవరికీ వీలులేదు, అంతే.

కుట్టే దిశ కూడా ముఖ్యం. పాశ్చాత్యులు నడిమి నుంచి మొదలుపెట్టి బయటికి వెళతారు. వదులు గుడ్డ ఏదైనా ఉంటే అంచులకు నెట్టుకుపోయి కత్తిరించేస్తారు. అత్తమ్మ పై అంచు దగ్గర మొదలుపెట్టి వరసలుగా కిందికి దిగుతారు. సిద్దీల కవంది కూడా అంచు దగ్గరే మొదలై, చుట్టూ తిరుగుతూ లోపలికి సాగుతుంది. కవంది పద్ధతిలో వదులంతా నడుమకు చేరుతుంది, దాన్ని కత్తిరించే దారి లేదు. అందుకే ప్రతి వరస పూర్తయ్యాక అరచేత్తో నిమిరి, గుడ్డను సర్ది, ముందుకు కచ్చా కుట్టు వేసుకుంటూ పోవాలి. మనవాళ్ళు అది చేస్తారు గానీ చేస్తున్నట్టు కూడా గమనించరు. పోటీకి కుట్టేటప్పుడు కచ్చా కుట్టు జానెడుకొకటి కాకుండా బెత్తెడుకొకటి వేసుకుంటే చాలా తేడా కనబడుతుంది.

కుట్టు పొడవు గురించి ఒక భయం ఉంది. చేతి క్విల్టింగులో అంగుళానికి పది, పన్నెండు కుట్లు కనబడితే గొప్ప పనిగా చెబుతారు. నాలుగు పంచెల మందంలో లావు దారంతో అది సాధ్యం కాదు. మందం పెరిగిన కొద్దీ సూది నిలువుగా దిగి నిలువుగా లేవాలి, కుట్టు పొడవవుతుంది. అందుకు దిగులుపడనక్కరలేదు. లెక్కకన్నా ముందు న్యాయనిర్ణేతలు చూసేది సమానత్వం. పైన కనబడే కుట్టు పొడవు, కుట్టుకూ కుట్టుకూ మధ్య ఖాళీ, వెనకవైపు కుట్టు, ఈ మూడూ మొదటి వరసలో ఉన్నట్టే చివరి వరసలోనూ ఉన్నాయా అని. వరస వంకరగా పోతే? వంపు ఉద్దేశించినదని తెలిసేలా పక్క వరసలూ అదే వంపు తీసుకుంటే అది అలంకారం. ఒక్క వరసే తప్పిపోతే అది తప్పు. మన బొంతల్లో ఆ అలలాంటి వంపు సహజంగా వస్తుంది, దాన్ని సరిచేయబోయి స్కేలు గీతలు గీయడం నాకు నచ్చదు. పైగా పెన్సిలు గీత మిగిలితే అదొక లోపంగా రాస్తారు.

వెనక్కి తిప్పి చూస్తారు. ముడులు కనబడకూడదు. మనం దారం అయిపోయినచోట ముడి వేసి తెంపుతాం. దాన్ని మెల్లగా లాగి పొరల మధ్యకు పంపించాలి, కొసను అంగుళం దూరం లోపల నడిపించి తెంపాలి. పాత గుడ్డ మీద ఇది జాగ్రత్తగా చేయకపోతే పోగులు విడిపోతాయి.

ఇక అంచు. అంచుపట్టీ నిండుగా ఉండాలంటే పట్టీ మడతలోకి బొంత పొరలు చివరిదాకా చేరాలి. వేలితో నొక్కితే ఖాళీగా మెత్తగా తగలకూడదు. మూలలు తొంభై డిగ్రీలు తిరగాలి, మడత మీద చిన్న కుట్లు పడాలి. పట్టీని లాగి కుడితే అంచు ముడుచుకుంటుంది. బొంతను కొలవకుండా, అంచు సాగిపోతుంటే సాగనిచ్చి పట్టీ వేస్తే విచ్చుకుంటుంది. నేను రెండోది చేశాను. శాటిన్ జారుడు గుడ్డ, చేనేత నూలు పక్కన అది ఒదగదు. కుట్టకముందే బొంతను నేలమీద పరిచి, నడుమ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ఐమూలగా రెండుసార్లు కొలవాలి. ఐమూలలు రెండూ సమానమైతేనే అది చదరం. పట్టీని నడిమి కొలతకు కత్తిరించి, అంచును దానికి తగినట్టు సర్ది కుట్టాలి. ఈ ఒక్క సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆ కాగితం వేరుగా వచ్చేది.

ఎవరి చేయి అన్నది నాలుగో చిక్కు, నా మటుకు అన్నిటికన్నా బరువైనది. పోటీ దరఖాస్తులో తయారుచేసినవారి పేరుకు ఒక్కటే గీత ఉంది. నేను అత్తమ్మ పేరు రాశాను. వ్యాఖ్యల్లో తప్పుపట్టినవి ఎక్కువగా నా పట్టీకి చెందినవి, అవి ఆమె పేరు మీద నమోదయ్యాయి. చరిత్రలో ఇంతకన్నా పెద్ద అన్యాయం జరిగింది. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా సియర్స్ కంపెనీ జాతీయ క్విల్ట్ పోటీ పెట్టింది. 24 వేలకు పైగా క్విల్టులు వచ్చాయి. ఆర్థిక మాంద్యపు రోజుల్లో మొదటి బహుమతి వెయ్యి డాలర్లు. అది కెంటకీకి చెందిన మార్గరెట్ కేడెన్‌కు దక్కింది. ఆ క్విల్టులో ఆమె వేసిన కుట్టు ఒక్కటీ లేదు. అతికినదీ, కుట్టినదీ ఆమె కూలికి పెట్టుకున్న స్త్రీలు. బహుమతి సొమ్ములో వాళ్ళకు వాటా రాలేదు. ఆ పని ఎవరిదో లోకానికి తెలియడానికి దశాబ్దాలు పట్టింది.

ఇప్పటి పెద్ద పోటీల దరఖాస్తులు ఈ విషయంలో చాలా నిక్కచ్చిగా ఉంటాయి. పైపొర ఎవరు అతికారు, కుట్టు ఎవరు వేశారు, నమూనా సొంతమా, వేరొకరిదైతే అనుమతి ఉందా అని విడివిడిగా అడుగుతారు. ఒక్కరి పని, ఇద్దరి పని, బృందం పని వేర్వేరు విభాగాలు. చేతి కుట్టుకూ మిషను కుట్టుకూ వేర్వేరు. మన ఇళ్ళలో బొంత మీద అమ్మమ్మ, పిన్ని, పక్కింటి వదిన అందరి చేతులూ పడతాయి. అది బృందం విభాగానికే వెళ్ళాలి, పేర్లన్నీ రాయాలి. స్వయం సహాయక సంఘాల మహిళలు కలిసి కుట్టి, సంఘం నాయకురాలి పేరు ఒక్కటే రాయడం నేను చూశాను. అలా రాయవద్దని బతిమాలి చెబుతున్నాను.

విభాగం ఎంచుకోవడంలో సగం ఫలితం ఉంది. సంప్రదాయ క్విల్టుల విభాగంలో బొంతను పెడితే అది కొలత తప్పని నక్షత్రాలూ చతురస్రాలూ ఉన్న అమెరికా నమూనాల పక్కన నిలబడుతుంది. చేతి కుట్టు విభాగంలో పెడితే దాని బలమే దాని కొలత అవుతుంది. మొదటిసారి పంపేవాళ్ళకు ప్రత్యేక విభాగం ఉంటే అది ఇంకా మంచిది. చాలా పోటీలు గత రెండు మూడేళ్ళలో పూర్తయినవే తీసుకుంటాయి కాబట్టి అమ్మమ్మనాటి బొంత పోటీకి పనికిరాదు, పాతవాటి ప్రదర్శన ఉంటే అక్కడికి పంపాలి.

అన్ని బొంతలూ పోటీకి వెళ్ళాలని కూడా లేదు. అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు, బానిసలుగా బతికినవాళ్ళ సంతతి, పొలం పనికి వేసుకుని చిరిగిన బట్టలతో క్విల్టులు కుట్టారు. చదరం కాని మూలలు, సమానం కాని పట్టీలు. 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియం వాటిని గోడలకెత్తింది, తర్వాత అవి న్యూయార్క్ విట్నీ మ్యూజియానికి వెళ్ళాయి, 2006లో తపాలా బిళ్ళల మీదికెక్కాయి. అదే హ్యూస్టన్ నగరంలో ఏటా జరిగే క్విల్ట్ పోటీలో అంచు నిండుగా లేకపోతే వెనకబడతాం. ఒకే ఊళ్ళో రెండు కొలబద్దలు పక్కపక్కనే ఉన్నాయి, రెండూ నిజాయితీ గలవే. మీ బొంత దేనికి తగినదో మీరే తేల్చుకోవాలి. గంతకు తగ్గ బొంత అని ఊరికే అనలేదు.

పంపాలని తేలితే కొన్ని ఇంటి పనులున్నాయి. మొదటిది వాసన. ట్రంకు పెట్టెలో కలరా ఉండలతో దాచిన బొంత ఆ గదిలోకి అడుగు పెట్టగానే పట్టుబడుతుంది. పొయ్యి పొగ, అగరుబత్తి వాసన కూడా అంతే. నీడలో నాలుగు రోజులు గాలికి వేయాలి. మన తీరప్రాంతపు తేమలో వానాకాలం నుంచి కార్తీకం దాకా బూజు చుక్కలు వస్తాయి కనుక చివరి ఉతుకు ఎండలు తిరిగాకే మంచిది. ఉతికేముందు తడి తెల్లగుడ్డతో దారాన్ని రుద్ది చూడండి. ఎర్ర దారం రంగు వదిలితే తెల్ల పంచె పాడైపోతుంది. వెంట్రుకలు, దారపు తుంపులు ఏరేయాలి.

వెనక పై అంచు కింద నాలుగు అంగుళాల వెడల్పున గుడ్డ గొట్టం కుట్టాలి, కర్ర దూర్చి వేలాడదీయడానికి. కుట్టు అడుగు పొరకే పట్టాలి, ముందుకు రాకూడదు. కర్ర మందానికి గొట్టంలో కాస్త వదులు ఉంచకపోతే ముందువైపు ఉబ్బుతుంది. ఫోటోకు గోడ మీద నిలువుగా వేలాడదీసి, ఫోను బొంత నడిమి ఎత్తులో పట్టుకుని, నాలుగు అంచులూ కనబడేలా తీయండి. పట్టుకున్నవాళ్ళ వేళ్ళూ కాళ్ళూ కనబడకూడదు. పక్కనుంచి పడే ఉదయపు వెలుతురులో కుట్టు దగ్గరి ఫోటో మరొకటి. పెట్టెలో మడత గట్టిపడకుండా గుండ్రంగా చుట్టి పెట్టాలి.

విదేశానికైతే రానూపోనూ రవాణా ఖర్చు ప్రవేశ రుసుముకన్నా చాలా ఎక్కువ కావచ్చు. ప్రదర్శన తర్వాత తిరిగి వచ్చే వస్తువని కాగితాల్లో స్పష్టంగా ఉండాలి. ప్రదర్శనలకు తాత్కాలికంగా వస్తువులు పంపడానికి ఏటీఏ కార్నెట్ అనే పత్రం ఉంది, మన దేశంలో దాన్ని వాణిజ్య, పరిశ్రమల మండళ్ళ సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది. బహుమతి షరతులు కూడా చదవండి. పడూకాలో పెద్ద బహుమతులు కొనుగోలు బహుమతులు. సొమ్ము తీసుకుంటే క్విల్ట్ వాళ్ళదవుతుంది, బొంతే కావాలనుకుంటే సొమ్ము వదులుకోవాలి. మావయ్యగారి పంచెల విషయంలో ఆ ప్రశ్నకు మా ఇంట్లో జవాబు వెతకనక్కరలేదు.

దేశంలోనే పంపాలనుకుంటే చెన్నైలో 2019లో ఇండియా క్విల్ట్ ఫెస్టివల్ జరిగింది, అలాంటివాటి ప్రకటనలు గమనిస్తూ ఉండాలి. కేంద్ర జౌళి శాఖలోని హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఇచ్చే జాతీయ పురస్కారాల దారి వేరు, అది చేతివృత్తి పనివారిగా గుర్తింపు ఉన్నవాళ్ళకు. ఆ గుర్తింపు కార్డుకు పెహచాన్ అని పేరు. బొంత కుట్టేవాళ్ళలో చాలామంది తమది వృత్తి అని ఎప్పుడూ అనుకోలేదు, దరఖాస్తు చేయలేదు. చేయాలి.

వ్యాఖ్యల కాగితాన్ని నేను అత్తమ్మకు మొన్న సంక్రాంతి ముందు చదివి వినిపించాను, అప్పటిదాకా దాచాను. ఆమె మొత్తం విని, బొంత తెమ్మన్నారు. శాటిన్ పట్టీ విప్పేశారు. పంచెకు నేతలోనే వచ్చిన ఎర్రంచు మిగిలిన ముక్కల్లో ఉంది, దాన్నే మడిచి పట్టీగా వేశారు. మూలలు నా చేత నాలుగుసార్లు విప్పించి కుట్టించారు. కాబట్టి ఈసారి అది ఇద్దరి పని, దరఖాస్తులో రెండు పేర్లు రాశాను. నిన్న కొలిస్తే కింది అంచు 58 అంగుళాల మీద ఇంకా ముప్పావు ఎక్కువ ఉంది. కింది ఆరు వరసల మధ్య కొత్త వరసలు వేస్తున్నారు. సూదిలో దారం ఎక్కించి ఇవ్వడం నా వంతు.